34 మందే వచ్చారన్నది సరే, వాళ్ళ మెయిల్ ఐడీలు తీసుకున్నావా?

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్తే. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 27 ఏళ్ళు, వయొలిన్ వాయిస్తాను, ఆకాశవాణి బి గ్రేడ్ ఉంది. ఇంటి దగ్గర 14 మంది పిల్లలకి నేర్పుతున్నాను. పిలిస్తే పక్కవాద్యానికి వెళ్తాను, ముహూర్తాలుంటే పెళ్ళిళ్ళలో సినిమా పాటలూ వాయిస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో 11 వేల మంది ఫాలోవర్లున్నారు, ఒక రీల్‌కి 3 లక్షల వ్యూస్ వచ్చాయి. ఆ ధైర్యంతో కిందటి నెల కాకినాడలో చిన్న హాలు అద్దెకి తీసుకుని సోలో కచేరీ పెట్టుకున్నాను. వచ్చింది 34 మంది, అందులో సగం మా చుట్టాలే. ఒక పెద్దాయన మాత్రం కచేరీ అయ్యాక వచ్చి ఆనందభైరవి ఎందుకు వాయించలేదని అడిగారు. హైదరాబాద్‌లో ఉండే మా బావ "మెయిలింగ్ లిస్ట్ పెట్టుకోరా" అంటున్నాడు. మా వైపు మెయిల్ ఎవరు చూస్తారండీ? ఇంకొకాయన 50 వేల మెయిల్ ఐడీలు 4 వేల రూపాయలకి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆఖరి ప్రశ్నకే జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే నా జవాబు పూర్తిగా చదివేలోపు నువ్వు ఆ 4 వేలూ ఫోన్‌పే కొట్టేస్తావేమోనని నా భయం. కొనకు. ఆయన 4 వేలకి కాదు, ఊరికే ఇస్తానన్నా తీసుకోకు.

ఆ 50 వేల మందికీ నువ్వెవరో తెలీదు. తెలీనివాడి దగ్గర్నుంచి ఉత్తరం వస్తే మనం ఏం చేస్తాం, స్పామ్ అని నొక్కుతాం. ఆ నొక్కుడుని జీమెయిల్ లెక్క పెడుతూనే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. గూగుల్ అయితే ఫిర్యాదులు వెయ్యికి ఒకటి లోపు ఉంచుకోమంటుంది, మూడుకి చేరనివ్వద్దంటుంది. ఆ గీత దాటితే, నిన్ను నిజంగా ఇష్టపడి అడ్రస్ ఇచ్చినవాళ్ళకి పంపే ఉత్తరాలు కూడా స్పామ్‌లోకే పోతాయి. అంటే 4 వేలు పెట్టి నీ పేరు నువ్వే పాడు చేసుకున్నట్టు. పైగా మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మనిషి ఒప్పుకోకుండా ఆయన అడ్రస్ అమ్మేవాడిదీ కొనేవాడిదీ కూడా మంచి పని కాదు.

నీతులు చెబుతున్నానని అనుకోకు, నేను చేసిన వెధవ పనే ఇది. మృదంగం పక్కన పెట్టి కళాకారుల కచేరీల వ్యవహారాలు చూడటం మొదలుపెట్టిన కొత్తలో ఎవరో ఒక సంఘం వాళ్ళ సభ్యుల జాబితా ఎక్సెల్‌లో ఇచ్చారు. సుమారు ఆరొందల పేర్లు. నా మామూలు జీమెయిల్ నుంచి అందర్నీ బీసీసీలో, అంటే ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనపడకుండా, పెట్టి కచేరీ కరపత్రం పంపేశాను. మామూలు జీమెయిల్ ఖాతాకి రోజుకి 500 మంది వరకే హద్దని నాకప్పుడు తెలీదు. ఖాతా ఒక రోజంతా ఆగిపోయింది, హాలు వాళ్ళకి కూడా మెయిల్ పంపలేకపోయాను. తిడుతూ పదిహేను జవాబులొచ్చాయి. అందులో ఒకాయన తర్వాత నేను వెళ్ళిన ఒక సభకి కార్యదర్శిగా కనిపించారు. ఆయన నన్ను మర్చిపోలేదు.

ఇప్పుడు మీ బావ చెప్పిన మెయిలింగ్ లిస్ట్‌కి, అంటే నీ ఉత్తరాలు కావాలని అడ్రస్ ఇచ్చినవాళ్ళ పట్టికకి వద్దాం. ఆయన చెప్పింది సరైన మాటే గానీ హైదరాబాద్‌లో కూర్చుని చెప్పాడు కాబట్టి మన వైపు ఎలా చెయ్యాలో చెప్పలేదు.

నా చిన్నప్పుడు పాలకొల్లు వైపు మా ఊళ్ళో సన్నాయి మేళం పెద్దాయన ఒకాయన ఉండేవారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక డైరీ, దాన్నిండా పేర్లు. ఫలానా వారి పెద్దమ్మాయికి పెళ్ళయింది, రెండో అమ్మాయి డిగ్రీ ఆఖరేడు. ఫలానా వారికి మనవడు పుట్టాడు, అన్నప్రాసన మాఘంలో. ఫలానా ఇంట్లో తాతగారికి తోడి రాగం ఇష్టం. ఏటా ఉగాదికి ఆయన సన్నాయి తీసుకుని ఆ ఇళ్ళకి వెళ్ళి, గుమ్మంలో ఒక కీర్తన వాయించి, ఉగాది పచ్చడి తిని, కుశల ప్రశ్నలు వేసి వచ్చేసేవారు. పని అడిగేవారు కాదు. ఇస్తే తాంబూలంలో పెట్టింది తీసుకునేవారు. కానీ ఆ ఇళ్ళల్లో పెళ్ళి కుదిరిందంటే శుభలేఖలు అచ్చుకి వెళ్ళే ముందే ఆయనకి కబురు వెళ్ళేది. వేరే మేళం గురించి ఆలోచన కూడా వచ్చేది కాదు.

1986 ఆగస్టు వరదలో ఆ డైరీ తడిసి ముద్దయిపోయింది. ఆయన వారం రోజులు అరుగు మీద కూర్చుని జ్ఞాపకం చేసుకుంటూ మళ్ళీ రాశారు, నేను అప్పుడు చిన్నవాణ్ణి, పక్కన కూర్చుని ఊళ్ళ పేర్లు అందించాను. అప్పట్నుంచీ రెండు డైరీలు పెట్టారు. ఒకటి తన దగ్గర, ఒకటి తణుకులో అల్లుడి దగ్గర.

మెయిలింగ్ లిస్ట్ అంటే ఆ డైరీయే. ఉగాదికి వెళ్ళి వాయించడం కూడా అందులో భాగమే, అది మర్చిపోతే మిగిలేది ఫోన్ డైరెక్టరీ. చాలామంది కళాకారులు డైరీ పెట్టుకుంటారు గానీ గుమ్మం తొక్కరు, కచేరీ ఉన్నప్పుడే "టికెట్లు కొనండి" అని వస్తారు, జనానికి విసుగొస్తుంది.

నీకు 11 వేల మంది ఉన్నారన్నావు. ఉన్నది నీకు కాదు, ఇన్‌స్టాగ్రామ్‌కి. నువ్వు పెట్టిన రీల్ ఆ 11 వేల మందిలో ఎంతమందికి చూపించాలో నిర్ణయించేది వాళ్ళు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని ప్రభుత్వం నిషేధించినప్పుడు మన జిల్లాల్లోనే లక్షల్లో ఫాలోవర్లున్న కుర్రాళ్ళు ఒక్క రాత్రిలో సున్నాకి వచ్చేశారు. వాళ్ళ దగ్గర ఒక్కరి ఫోన్ నంబరు గానీ, అడ్రస్ గానీ లేదు. అంతకు ముందు 2014లో ఆర్కుట్ మూసేసినప్పుడూ ఇదే కథ, నీకు గుర్తుండదు. స్పాటిఫైలో నీ పాట ఎన్నిసార్లు విన్నారో, ఏ నగరాల్లో విన్నారో లెక్కలు ఇస్తారు గానీ ఎవరు విన్నారో చెప్పరు. రీల్స్ మానేయమని అనట్లేదు. అవి తిరునాళ్ళలో మైకు లాంటివి, దారినపోయేవాడు ఆగుతాడు. ఆగినవాణ్ణి ఇంటికి తీసుకెళ్ళే దారి ఉండాలి కదా.

మూడు లక్షల మంది చూసి 34 మంది ఎందుకు వచ్చారని నీకు మనసులో ముల్లు గుచ్చుకుంటోందని ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆ మూడు లక్షల్లో కాకినాడ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఎంతమంది, వాళ్ళల్లో వయొలిన్ వినడానికి ఆదివారం సాయంత్రం బండి తీసి బయల్దేరేవాళ్ళు ఎంతమంది? ఆ లెక్క నీకు తెలీదు, తెలిసే దారీ లేదు. అందుకే బాధపడకు. కానీ 34లో చుట్టాలు పోను మిగిలిన 17 మంది ఎవరో తెలీకపోతే మాత్రం బాధపడు. బయట గుమ్మం దగ్గర పేర్లు తీసుకోవడానికి ఎవరినైనా పెట్టావా? పెట్టలేదనే అనుకుంటున్నాను, పెట్టుంటే రాసేవాడివి.

"మా వైపు మెయిల్ ఎవరు చూస్తారండీ" అన్నావు. సగం నిజం. మీ ఊళ్ళో కొబ్బరి వ్యాపారి మెయిల్ చూడడు. ఆయనకి ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నప్పుడు షాపు కుర్రాడు పెట్టిచ్చిన జీమెయిల్ ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా ఆ కుర్రాడికే తెలుసు. అలాంటివాళ్ళకి వాట్సాప్ వాడు. కాకపోతే దాని హద్దులు తెలుసుకో. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ నీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. గ్రూపు పెడితే రెండో రోజు నుంచీ గుడ్‌మార్నింగ్ గులాబీలు, మూడో రోజు రాజకీయాలు, నాలుగో రోజు నువ్వే మ్యూట్ చేస్తావు.

మెయిల్ చూసేవాళ్ళు వేరే ఉన్నారు, నీకు పని ఇచ్చేవాళ్ళలో చాలామంది వాళ్ళే. సభల కార్యదర్శులు, కాలేజీల్లో కల్చరల్ కార్యక్రమాలు చూసే లెక్చరర్లు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు (మన ఊళ్ళల్లో కచేరీల ముందు వరస వాళ్ళదే), ఈవెంట్ మేనేజర్లు, పిల్లలకి ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పించాలనుకునే తల్లిదండ్రులు. అన్నిటికంటే ముఖ్యంగా, బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళు. భీమవరం, అమలాపురం, రాజోలు వైపు ఏ వీధిలో చూసినా డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఒకరుంటారు. వాళ్ళ ఉద్యోగమే మెయిల్‌తో మొదలవుతుంది. వాళ్ళకి నీ రీల్ కనపడకపోవచ్చు, మెయిల్ మాత్రం కనపడుతుంది.

అడ్రసులు ఎలా తీసుకోవాలో కాస్త వివరంగానే చెబుతాను, ఎక్కువమంది ఇక్కడే తప్పులు చేస్తారు.

కచేరీ మధ్యలో, తనియావర్తనం (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) అయ్యాక చప్పట్లు ఆగగానే, మైకులో నువ్వే చెప్పాలి. యాంకర్ చేత చెప్పించకు. "నెలకొక ఉత్తరం రాస్తాను, అందులో ఎక్కడా దొరకని రికార్డింగు ఒకటి ఉంటుంది, ఇష్టమైనవాళ్ళు బయట మా చెల్లికి మీ మెయిల్ చెప్పండి" అను, అంతే. బయట క్యూఆర్ కోడ్ పెట్టు, కానీ దాని మీదే ఆధారపడకు, అరవై దాటినవాళ్ళు కోడ్ చూసి పక్కకి వెళ్ళిపోతారు. నోటుబుక్కు పెట్టినా చిక్కే, చేతిరాత ఇంటికొచ్చాక అర్థం కాదు, జీమెయిల్‌ని ఒకరు జిమెల్ అని రాస్తారు, ఇంకొకరు చుక్క మర్చిపోతారు. మీ చెల్లి ఫోన్లో ఫారం తెరిచి అప్పటికప్పుడే ఎక్కించాలి, ఎక్కగానే "ఒప్పుకుంటున్నారా" అని అడిగే మెయిల్ వాళ్ళకి వెళ్ళాలి, వాళ్ళు అక్కడే నొక్కాలి. దీన్ని డబుల్ ఆప్ట్ ఇన్ అంటారు. తప్పుడు అడ్రసులు అక్కడే రాలిపోతాయి, రేపు ఎవరైనా "నేనెప్పుడిచ్చాను" అన్నా నీ దగ్గర ఆధారం ఉంటుంది.

అడ్రస్‌తో పాటు ఇంకో రెండే అడుగు. ఏ ఊరు, ఏ రాగమో పాటో వినాలనుంది. ఇంతకు మించి అడిగితే సర్వేలా ఉంటుంది.

ఒక జాగ్రత్త. కచేరీకొచ్చిన అమ్మగారు ఎంతో ప్రేమగా "మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు బాబూ, వాడి మెయిల్ రాసుకో" అంటారు. రాసుకోకు. "మీరే అబ్బాయికి ఈ లింకు వాట్సాప్‌లో పంపండమ్మా" అని చెప్పు. అమ్మ పంపిన లింకు కాబట్టి వాడు తెరుస్తాడు, వాడి చేత్తో వాడు చేరితే ఆ బంధం వేరు. నీ 14 మంది శిష్యుల తల్లిదండ్రులతోనూ ఇదే పద్ధతి. పెళ్ళిళ్ళలో వాయించినప్పుడు పెళ్ళివారి కంటే ఫొటోగ్రాఫరు, కేటరింగ్ ఆయన, ఈవెంట్ కుర్రాళ్ళ అడ్రసులు తీసుకో, పెళ్ళివారికి మళ్ళీ పెళ్ళి ఎప్పుడో గానీ వీళ్ళకి ముహూర్తం ఉన్న ప్రతి రోజూ పెళ్ళే.

ప్రతి అడ్రస్ పక్కన ఊరి పేరు, ఈవెంట్ వాళ్ళయితే ఆ సంగతీ ట్యాగ్ పెట్టుకో. కాకినాడ కచేరీ కబురు కాకినాడ, పిఠాపురం, రామచంద్రపురం వాళ్ళకి చాలు. నరసాపురం వాళ్ళని నాలుగుసార్లు కాకినాడకి పిలిస్తే ఐదోసారి నరసాపురంలో కచేరీ పెట్టినా తెరవరు.

ఇక ఏం రాయాలి. "నాకు రాయడం రాదండీ" అని ప్రతి వాద్యకారుడూ నాతో అనే మాట. రాతగాడివి అవ్వక్కర్లేదు. మీ అత్తయ్యకి ఉత్తరం రాస్తున్నట్టు రాయి. నీ దగ్గర సరుకు లేకపోవడం ఏంటి? వర్షాకాలంలో తీగలు బిగించే బిరడాలు ఉబ్బి తిరగవు, కమాను వెంట్రుకలు సాగి జారిపోతాయి, కోనసీమ తేమలో వయొలిన్‌ని ఎలా కాపాడుకుంటున్నావో రాయి, వినేవాళ్ళకి అది కొత్త సంగతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజున మీ ఇంట్లో వయొలిన్ పెట్టె అటక మీదకి ఎక్కుతుందా? అది రాయి, డల్లాస్‌లో ఉన్నవాడు ఆ వాక్యం దగ్గర ఆగిపోతాడు. బాలమురళీకృష్ణ గారు 1930లో పుట్టిన శంకరగుప్తం మీ కోనసీమలోనే కదా. ఆయన గాత్రమే కాదు, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా కూడా వాయించేవారని చాలామందికి తెలీదు, ఆయన చేసిన మహతి రాగంలో నాలుగే స్వరాలు, ఆ నాలుగింటినీ నీ తీగల మీద రెండు నిమిషాలు వాయించి లింకు పెట్టు. ద్రాక్షారామం వెళ్ళినప్పుడు అది వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారి ఊరని గుర్తు చేసుకుని నాలుగు మాటలు రాయి. నీ కచేరీ తేదీ వీటి కింద ఒక్క లైనులో పెడితే చాలు.

ఉత్తరానికి ఒకే ఒక్క పని అడుగు. ఒకే మెయిల్లో టికెట్ కొనండి, ఛానల్ సబ్‌స్క్రైబ్ చెయ్యండి, క్లాసులో చేరండి అని మూడూ అడిగావనుకో, ఏదీ చెయ్యరు.

సబ్జెక్ట్ లైనులో "మాసపత్రిక - 3" అని పెట్టకు, బతిమాలుతున్నాను. "కాకినాడలో ఆనందభైరవి అడిగిన పెద్దాయన" అని పెట్టు. ఇద్దరు కళాకారుల విషయంలో నేను పోల్చి చూశాను, ఇలాంటి పేరుతో వెళ్ళిన ఉత్తరాలకి జవాబులు వచ్చాయి, నంబరు వేసి పంపినవాటికి నిశ్శబ్దం. పంపేవారి పేరు దగ్గర నీ పేరు, పక్కన వయొలిన్ అని ఉండాలి, ఇన్ఫో అనో అడ్మిన్ అనో ఉంటే బీమా కంపెనీ అనుకుంటారు.

తెలుగులోనే రాయి. తెలుగు అక్షరాలు మెయిల్లో చక్కగా వస్తాయి, పాత రోజుల్లోలా చతురస్రాలు కనపడవు. చిన్న సంగతి ఒకటుంది, యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటుంది, ఇంగ్లిష్ అక్షరానికి ఒకటి చాలు. జీమెయిల్ సుమారు 102 కేబీ దాటిన ఉత్తరాన్ని మధ్యలో కత్తిరించి "పూర్తి సందేశం చూడండి" అని పెడుతుంది. రంగురంగుల డిజైన్లు పెట్టి పైన పొడవాటి తెలుగు రాస్తే ఆ గీత దాటే ప్రమాదం ఉంది. డిజైన్ వద్దు, మామూలు ఉత్తరంలా పంపు, ఒక ఫొటో చాలు. పాటని అటాచ్‌మెంట్‌గా పెట్టకు, లింకు ఇవ్వు.

ఎప్పుడు పంపాలని అడుగుతావు. ఆదివారం పొద్దున్న ఏడింటికి పంపు. ఇక్కడ కాఫీ వేళ, పేపరు చదివే మూడ్ ఉంటుంది. అదే సమయానికి డల్లాస్‌లో శనివారం రాత్రి, ఎండాకాలమైతే ఎనిమిదిన్నర, చలికాలమైతే ఏడున్నర. ఒకే ఉత్తరం రెండు చోట్లా తీరికలో ఉన్నవాళ్ళకి చేరుతుంది.

ఇప్పుడు అసలు డబ్బు సంగతి. నువ్వు అడగలేదు గానీ నీ ఉత్తరమంతా దాని చుట్టూనే ఉంది.

సంక్రాంతికి మన ఊళ్ళకి ఎవరెవరు వస్తారో నీకు తెలుసు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనంలో సగం మంది చేతుల్లో ఏ ఎయిర్‌పోర్టు ట్యాగో ఇంకా వేలాడుతూ ఉంటుంది. వాళ్ళు వచ్చాక నువ్వు వెతుక్కుంటే దొరకరు, ఆ నాలుగు రోజులూ చుట్టాలింట్లో భోజనాలకే సరిపోవు. అందుకని అక్టోబరులోనే ఒక ఉత్తరం రాయాలి. "ఈసారి సంక్రాంతికి ఎవరెవరు వస్తున్నారు? మీ తాతగారి మండువా లోగిలి ఇంకా ఉందా? భోగి సాయంత్రం అక్కడ దీపాలు పెట్టి, మైకు లేకుండా, గంటన్నర కచేరీ చేద్దాం" అని. మండువా మధ్యలో చాప వేసి వయొలిన్ వాయిస్తే ఆ చుట్టూ వసారాల్లో ముప్పై నలభై మంది హాయిగా పడతారు, పైన ఆకాశం, ఆ ధ్వని ఏ హాల్లోనూ రాదు. హాలు అద్దె లేదు, సౌండ్ ఖర్చు లేదు, ఇంటివాళ్ళు సంభావన ఇస్తారు, వాళ్ళ అమ్మగారికి వీధిలో గౌరవం. నేను కచేరీల వ్యవహారాలు చూసే ఆరుగురు కళాకారుల్లో ఒక వేణువు కుర్రాడు రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాడు. మొదటి ఏడాది ఒక్క ఇల్లు, కిందటేడు భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు ఇళ్ళు. ఆ నాలుగూ లిస్టులోంచి వచ్చినవే. అతని లిస్టులో ఉన్నది 212 మంది. 50 వేలు కాదు.

ఆ ఇళ్ళల్లో విన్నవాళ్ళే వెనక్కి వెళ్ళాక పిల్లలకి ఆన్‌లైన్ క్లాసు అడిగారు. వాళ్ళల్లో ఒకరు అక్కడి తెలుగు సంఘం కల్చరల్ కమిటీలో ఉన్నారు. తానా, ఆటా లాంటి సంఘాల్లో కమిటీలు మారుతుంటాయి, ఈ ఏడాది ఉన్నాయన వచ్చే ఏడాది ఉండడు, అందుకే సంఘం అడ్రస్ కంటే మనిషి అడ్రస్ విలువైనది. తొందరపడి ఒక మాట చెప్పేస్తాను, రేపు నిజంగా పిలుపు వస్తే పర్యాటక వీసా మీద వెళ్ళి డబ్బుకి కచేరీ చెయ్యకు, అమెరికాలో కళాకారులకి పీ-3 అని వేరే వీసా ఉంది, పిలిచేవాళ్ళే అక్కడ పిటిషన్ వెయ్యాలి. "మరేం పర్లేదు వచ్చెయ్" అనేవాళ్ళ మాట వినకు.

పెళ్ళిళ్ళ పని అయితే, ఆషాఢంలోనూ మూఢంలోనూ ముహూర్తాలుండవు కాబట్టి ఖాళీ, అప్పుడే రికార్డింగులు చేసి పెట్టుకో. శ్రావణం రాకముందే ఈవెంట్ వాళ్ళకి ఒక్క ఉత్తరం, నీకు ఖాళీ ఉన్న తేదీలు, రెండు నిమిషాల వీడియో, అంతే. వీళ్ళకి వరదా అటకా కథలు అక్కర్లేదు. ట్యాగులు పెట్టుకోమన్నది ఇందుకే.

సాంకేతికం త్వరగా ముగిస్తాను, నాకే విసుగు. మామూలు జీమెయిల్ నుంచి కాకుండా మెయిల్ పంపే సర్వీసు ఒకటి పెట్టుకో. మెయిల్‌చింప్, మెయిలర్‌లైట్, బ్రెవో, సబ్‌స్టాక్, ఏదైనా సరే, చిన్న లిస్టుకి ఊరికే వచ్చే ప్లాన్ చాలు. నీ పేరుతో డొమైన్ (ఇంటర్నెట్‌లో నీ సొంత చిరునామా) ఒకటి కొనుక్కో. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు సెట్టింగులుంటాయి, ఈ ఉత్తరం నిజంగా నీ దగ్గర్నుంచే వచ్చిందని చెప్పే ముద్రలవి. రోజుకి 5 వేలు దాటి పంపేవాళ్ళకి గూగుల్ మూడూ తప్పనిసరి చేసింది, నీకు అంత అవసరం రాదు గానీ పెట్టించుకో, ఆ పని తెలిసినవాడికి అరగంట. ప్రతి ఉత్తరం కింద "ఇక వద్దు" అనే లింకు ఉండాలి. అమెరికా చట్టం ప్రకారం వాణిజ్య మెయిల్లో పోస్టల్ అడ్రస్ కూడా ఉండాలి, సర్వీసులు అందుకే అడుగుతాయి, నువ్వు క్లాసులు చెప్పే చోటు అడ్రస్ ఇవ్వు.

ఎవరైనా ఆ "ఇక వద్దు" నొక్కితే మనసు కష్టపెట్టుకోకు. పెళ్ళిలో నువ్వు వర్ణం అందుకోగానే భోజనాలకి లేచే జనాన్ని చూసినవాడివి, ఇది నీకొక లెక్కా.

ఎంతమంది తెరిచారు అనే అంకె మీద ఆశ పెట్టుకోకు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ఒక మార్పు తెచ్చింది, దానివల్ల మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్కలోకి వస్తుంది. ఎంతమంది జవాబు రాశారు, ఎంతమంది లింకు నొక్కారు, ఎంతమంది హాలుకి వచ్చారు, అవి చూడు. జవాబు రాసిన ప్రతివాళ్ళకీ నువ్వే తిరిగి రాయాలి, రెండు లైన్లయినా సరే.

నెలకోసారి లిస్టు మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ కొట్టి కంప్యూటర్లో ఒకటి, మీ బావ దగ్గర ఒకటి దాచు. సర్వీసు మూసేసినా, నీ ఖాతాకి ఏమైనా అయినా పేర్లు నీ దగ్గర ఉంటాయి. సన్నాయి పెద్దాయన తణుకు డైరీ గుర్తుందిగా.

ఆరు నెలల్లో అద్భుతాలు జరుగుతాయని చెప్పను. మొదటి ఏడాది వంద మంది చేరితే మంచి పంటే. నువ్వు రాయడం మధ్యలో మూడు నెలలు ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది, ఆ సంగతి కూడా ఇప్పుడే తెలుసుకో. నెలనెలా రాయలేననుకుంటే రెండు నెలలకొకటి అని ముందే చెప్పి, చెప్పినట్టు పంపు.

ఈ ఆదివారం చెయ్యాల్సింది చెబుతాను. ఆ 34 మందిలో నీకు ఫోన్ నంబర్లున్నవాళ్ళకి ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి, వచ్చినందుకు థాంక్స్ చెప్పి, మెయిల్ ఇస్తారా అని అడుగు. చుట్టాల్ని వదిలెయ్యకు, చుట్టాలకీ స్నేహితులుంటారు. హాలు వాళ్ళని కనుక్కో, ఆనందభైరవి అడిగిన పెద్దాయన ఎవరో కాకినాడలో సంగీతం వినేవాళ్ళకి తెలీకుండా ఉండదు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఆయన దొరికాక ఆ రాగం పదినిమిషాలు తీరిగ్గా వాయించి రికార్డు చెయ్యి. మన లాలిపాటల్లో నలిగిన రాగం అది, ఆయన ఊరికే అడిగుండరు, ఎందుకు అడిగారో తెలుసుకుని, ఆయన సరేనంటేనే ఆ కారణాన్ని ఉత్తరంలో పెట్టు. మొదటి ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"కిందటి నెల కాకినాడలో నా కచేరీకి మీరు వచ్చారు, చాలా సంతోషం. ఆ రోజు కచేరీ అయ్యాక ఒక పెద్దాయన ఆనందభైరవి ఎందుకు వాయించలేదని అడిగారు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆయన కోసం వాయించింది ఈ లింకులో ఉంది. మీకు ఏ రాగం బాకీ ఉన్నానో ఈ మెయిల్‌కి జవాబుగా రాయండి, వచ్చే నెల అందులో ఒకటి వాయిస్తాను."

టికెట్ మాట లేదు, సబ్‌స్క్రైబ్ మాట లేదు. పంపే ముందు మీ అమ్మగారికి చదివి వినిపించు, ఆవిడకి ఎక్కడైనా అర్థం కాకపోతే అక్కడ మార్చు.

లిస్టులో నా మెయిల్ కూడా ఎక్కించు, ఊరు రాజమండ్రి, అడిగే రాగం బేగడ.